నడుము విరిగినా ఇంటి పెద్దే
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. పదో తరగతి ఫలితాలు, ఉర్దూ మీడియంలో పిల్లలు తగ్గిపోవడం, ఆడపిల్లల కాలేజీ - ఇవే మా వంతు. ఈసారి సెక్రటరీగారు అడిగినప్పుడు వేరే విషయం మాట్లాడతామన్నాము. ఏమిటని అడిగితే చెప్పినాము. ఆయన కాసేపు ఊరుకొని, "మాస్టరుగారూ, ఆడవాళ్లు కూడా ఉంటారు కదా" అన్నారు. ఆడవాళ్లు ఉంటారనే మాట్లాడదలచినాము. ఎందుకంటే ఈ బరువులో సగానికి పైగా మోస్తున్నది వాళ్లే. మా తెలుగు ఉర్దూ బడి పంతులు తెలుగు, అక్కడక్కడ రెండు భాషలు కలిసిపోతాయి, మన్నించండి.

విషయం ఇది. వెన్నెముక దెబ్బతిని, నడుము కింద పడిపోయిన మగవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్ల దవా గురించి, పింఛను గురించి అప్పుడప్పుడు మాట్లాడుకుంటాము. కాని వాళ్ల మనసులో రాత్రిపూట మెదిలే ఒక ప్రశ్న ఉంది - "నేనింక మగవాణ్ణేనా?" అని. దాని గురించి ఎవరమూ మాట్లాడము.

పంతులం కాబట్టి ముందు మాటల దగ్గరే మొదలు పెడతాము. మన రెండు భాషలూ మగతనాన్ని తీసుకుపోయి నడుములోనే దాచినాయి. పనికి పూనుకుంటే తెలుగులో నడుం బిగించినాడంటారు, ఉర్దూలో కమర్ కస్ లీ అంటారు. కొడుకు చనిపోతే ఆ తండ్రికి నడుము విరిగిందంటారు, కమర్ టూట్ గయీ అంటారు. ధైర్యం లేనివాణ్ణి వెన్నెముక లేనివాడంటారు. యుద్ధంలో పారిపోతే వెన్ను చూపినాడంటారు. కుర్రవాడు సంపాదనకు వస్తే తన కాళ్ల మీద తాను నిలబడినాడంటారు. ఇవన్నీ మనం రోజూ అనే మాటలే, మేమూ క్లాసులో నేర్పించే మాటలే. మరి నిజంగానే నడుము విరిగి, నిజంగానే కాళ్ల మీద నిలబడలేని మనిషి మంచం మీద పడుకొని ఈ మాటలు వింటుంటే ఎట్లా ఉంటుందో మేము నలభై ఏళ్లు వచ్చేదాకా ఆలోచించలేదు.

వెన్నెముక ఎముకల గొలుసు. ఆ గొలుసు లోపల, గొట్టంలో కరెంటు తీగల కట్టలాగా వెన్నుపాము ఉంటుంది. మెదడు నుంచి హుకుములు అందులోనుంచే కిందికి పోతాయి, కింది నుంచి స్పర్శ, నొప్పి అందులోనుంచే పైకి వస్తాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది. లోపలి తీగ నలిగిపోతే మళ్లీ మొలవదు, ఇప్పటికీ దానికి పక్కా మందు లేదు. మెడ దగ్గర దెబ్బ తగిలితే చేతులూ కాళ్లూ పోతాయి. వీపు మధ్యన గాని నడుము దగ్గర గాని తగిలితే కాళ్లు పోతాయి. కాళ్లు పోయింది అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది ఇంకోటి ఉంది - మూత్రం, దొడ్డి మీద అదుపు పోతుంది, దాంపత్యానికి సంబంధించిన నరాలు కూడా దెబ్బతింటాయి. అసలు కుంగదీసేది ఈ కనిపించనిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇట్లా వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవారు ప్రపంచంలో కోటిన్నరకు పైగా ఉన్నారు. ఎక్కువమంది మగవాళ్లే. కారణాలు మనకు తెలిసినవే: పై నుంచి పడడం, రోడ్డు ప్రమాదాలు. మన ప్రాంతంలో చూడండి. తాటిచెట్టు ఎక్కే గౌడ సోదరులు పడతారు. భద్రాచలం ఏజెన్సీలో జీలుగు చెట్టు ఎక్కే కోయ సోదరులు పడతారు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు వైపు బొగ్గుబాయి దిగే కార్మికుల మీద కప్పు కూలుతుంది. ఖమ్మంలో గ్రానైటు రాయి, మిర్చి బస్తాలు, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీలు - ఈ పనుల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. గీత కార్మికులకు 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో తాళ్లు, బెల్టులున్న కిట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. లారీ మీద నిలబడి లోడు కట్టేవాడికి మాత్రం కాళ్ల కింద కర్ర, చేతిలో తాడు, అంతే.

ఒక్క విషయం గమనించినారా? ఈ పనులన్నీ 'మగవాడి పని' అని పేరున్న పనులు. ఎత్తు ఎక్కడం, బరువు మోయడం, లోతు దిగడం. ఏ మగతనం చూపిస్తేనే మెచ్చుకున్నామో, ఆ పనిలోనే అది పోయిందని వాడు అనుకుంటాడు.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్తాము. పేరు చెప్పము. ఈ సభలో కొందరికి ఆయన ఎవరో తెలుసు, వాళ్లూ చెప్పవద్దని మనవి. సంగతి చెప్పమని ఆయనే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ఆయన లారీ డ్రైవరు. మా కన్నా నాలుగైదేళ్లు చిన్న. 2013 ఎండాకాలంలో జామాయిల్ లోడు మీద నిలబడి తాడు బిగిస్తుంటే తాడు తెగింది. వెనక్కి పడినాడు, కింద నరికిన మొద్దు ఉంది. క్లీనరు, ఇద్దరు హమాలీలు చేతులూ కాళ్లూ పట్టుకొని ఎత్తి, ఆటోలో వెనుక సీటులో కూర్చోబెట్టి తీసుకొచ్చినారు. వాళ్లు ప్రేమతోనే చేసినారు. కాని విరిగిన వెన్నెముకను వంచితే ఎముక ముక్కలు లోపలి తీగను ఇంకా కోస్తాయి. 108 బండ్లు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు నుంచే ఉన్నాయి. ఎవరైనా ఎత్తు నుంచి పడితే లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి, 108 వచ్చేదాకా మెడ కదలకుండా పట్టుకోండి. తప్పనిసరై కదపవలసి వస్తే ముగ్గురు నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పి చెక్క మీదకు చేర్చాలి. ఈ సభలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు.

హైదరాబాదులో ఆపరేషన్ అయింది, రాడ్లు వేసినారు. తెలివి వచ్చినాక ఆయన డాక్టరును అడిగిన మొదటి మాట: "లారీ ఎప్పుడు నడపొచ్చు?" డాక్టరు జవాబు చెప్పలేదు. ఆయన పెద్దన్నను బయటికి పిలిచి మాట్లాడినాడు. "అప్పుడే తెలిసింది మాస్టర్ సాబ్, నన్ను బయట పెట్టినారని. నా కాళ్ల సంగతి నాకు కాదు, అన్నకు చెప్పినారు" అని తర్వాత మాతో అన్నాడు. ఆ ఆస్పత్రి ఏదో ఇక్కడ అనవసరం. అన్ని చోట్లా జరిగేదే.

ఇంటికి వచ్చినాక రెండేళ్లు ఆయన గడ్డం గీసుకోలేదు, గుమ్మం దాటలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పక్కన మూత్రం సంచి. ఎనిమిదేళ్ల కొడుకు వస్తే దాని మీద దుప్పటి కప్పేవాడు. బీవీ - మాకు చెల్లెలు వరుస - కుట్టుమిషను పెట్టుకుంది. మొదటిసారి ఆమె కుట్టుకూలీ డబ్బుతో కూర వండిన రోజున ఆయన పళ్లెం విసిరికొట్టినాడు. ఆమె మెతుకులు ఏరి, ఏమీ అనకుండా మళ్లీ మిషను మీద కూర్చుంది. ఆ రోజు ఆమె మీద కోపం కాదని, తన మీద తనకని ఆయన ఇప్పుడంటాడు. కాని పళ్లెం తగిలింది ఆమెకే కదా. మగవాడి అవమానం గురించి జాలిగా మాట్లాడేటప్పుడు ఆ పళ్లెం ఎవరి మీద పడుతుందో మరిచిపోవద్దు.

మార్పు ఎట్లా వచ్చిందంటే, ఏ ఉపదేశంతోనూ రాలేదు. మేము కూడా వెళ్లి సబర్ గురించి చాలా చెప్పి వచ్చినాము, దానివల్ల ఏమీ కాలేదు. 2016లో ఆయన పాత క్లీనరు, అప్పటికి తానే డ్రైవరు, ఒక లారీ తెచ్చి ఇంటి ముందర ఆపినాడు. ఇంజనులో ఏదో శబ్దం, మెకానిక్కులకు దొరకడం లేదు. "ఉస్తాద్, ఒక్కసారి విని చెప్పు" అన్నాడు. చక్రాల కుర్చీ ఇంట్లో మూలన ఉంది, అప్పటిదాకా దాని మీద బట్టలు ఆరేసేవారు. ఆ రోజు అందులో కూర్చొని బయటికి వచ్చినాడు. కళ్లు మూసుకొని విని, ఏ సిలిండరులో తప్పు ఉందో చెప్పినాడు. సరిపోయింది. మరుసటి రోజు గడ్డం గీసుకున్నాడు. ఆ క్లీనరు జాలిపడి రాలేదు, అవసరం పడి వచ్చినాడు. తేడా అంతా అక్కడే ఉందని మాకు అనిపిస్తుంది. ఇప్పుడు ఆయన ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు దగ్గర పూటకు నాలుగు గంటలు కూర్చుంటాడు. సంపాదన బీవీ కుట్టుపని కన్నా తక్కువే.

ఇక మా తప్పు చెప్పవలసి ఉంది. 2018లో ఆయన బిడ్డకు సంబంధం వచ్చింది. భద్రాచలంలో కూరగాయల వ్యాపారం చేసే కుటుంబం. పెద్దన్న ఇంటి ముందు గదిలో అయిదుగురం కూర్చున్నాము, మేమూ ఉన్నాము. మహర్ ఎంత, తారీఖు ఎప్పుడు అని మాటలు సాగుతున్నాయి. పిల్ల తండ్రి లోపలి గదిలో, పరదా వెనుక మంచం మీద ఉన్నాడు. అబ్బాయి తండ్రి "వలీ ఎవరు?" అని అడిగినాడు. పెద్దన్న "నేనే" అన్నాడు. తండ్రి బతికి, తెలివిలో ఉండగా బిడ్డకు వలీ తండ్రేనని మాకు తెలుసు. కాళ్లు పడిపోతే విలాయత్ పడిపోదనీ తెలుసు. నోరు తెరవలేదు. టీ చల్లారుతుందని తాగుతున్నాము.

అప్పుడు లోపలి నుంచి వినిపించింది - "బాప్ జిందా హై." గట్టిగా కూడా అనలేదు.

మేమందరం కప్పుల్లోకి చూసుకున్నాము. లేచింది అబ్బాయి తండ్రి. పరదా తొలగించి లోపలికి పోయి, మంచం అంచున కూర్చొని, "భాయి సాబ్, మీరేమంటారు?" అని అడిగినాడు. ఆయన అన్నది ఒక్కటే - బిడ్డ డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగాలి. వాళ్లు ఆగినారు. 2019లో పరీక్షలు అయినాక నికాహ్ జరిగింది, తండ్రే వలీ. ఆ నికాహ్ ఎక్కడ జరిగిందో చివర చెప్తాము.

సెక్రటరీగారు భయపడ్డ మాట ఇప్పుడు. వెన్నుపాము దెబ్బ తగిలిన వాళ్లలో కోరిక పోదు. శరీరం ఎంతవరకు సహకరిస్తుందనేది దెబ్బ ఎక్కడ తగిలింది, తీగ పూర్తిగా తెగిందా కొంత మిగిలిందా అన్నదాని మీద ఉంటుంది. చాలామందికి కొంత శక్తి మిగిలే ఉంటుంది, లేనివారికి డాక్టర్లు ఇచ్చే మందులు పనిచేసే అవకాశం ఉంది. గుండెకు నైట్రేటు మందులు వాడేవారికి అవి ప్రమాదం గనుక సొంతంగా కొనరాదు. తండ్రి కావాలనుకునేవారికి పెద్ద ఆస్పత్రుల్లో దారులున్నాయి, అట్లా తండ్రులైనవారు ఉన్నారు. ఇదంతా డాక్టరును అడిగితే చెప్తాడు. అడగడానికి మనకు నోరు రాదు, అందుకని బస్టాండు గోడల మీది 'గ్యారంటీ చికిత్స' పేర్ల దగ్గరికి పోతాము. మాకు తెలిసిన ఒక కుటుంబం అట్లా ఆడపిల్ల గొలుసు అమ్ముకుంది.

భార్య సంగతి. కొందరు ఉండిపోతారు, కొందరు ఖులా తీసుకొని పోతారు. పోయినామెను బద్నాం చేయవద్దు, ఉన్నామెను దేవతను చేసి ఆ పీఠం మీద బంధించవద్దు. మా మిత్రుడు ఒక మాట అన్నాడు: "ఆమె నా సంచి మార్చినన్నాళ్లు నాకు నర్సు. నేనే నేర్చుకున్న రోజు నుంచి మళ్లీ బీవీ." ఆయన నేర్చుకున్నది ఇది: నాలుగైదు గంటలకొకసారి చేతులు సబ్బుతో కడుక్కొని, సన్నని గొట్టం తానే పెట్టుకొని మూత్రం తీసేసుకోవడం. ఈ పద్ధతిని 1972లో అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు ప్రకటించినాడు. ఆపరేషన్ థియేటరంత శుభ్రం అక్కర్లేదు, మామూలు శుభ్రం చాలు, మూత్రం నిల్వ ఉండకపోవడమే ముఖ్యం అని చూపించినాడు. ఎన్నో కిడ్నీలు దానివల్ల నిలిచినాయి. మగతనం గురించి పెద్ద పెద్ద మాటలు ఎన్నో విన్నాము గాని, మా మిత్రుడి గైరత్‌ను ఎక్కువగా కాపాడింది ఈ చిన్న గొట్టమే.

పడకపుండ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్పర్శ లేని చోట ఒత్తిడి తెలియదు, చర్మం కుళ్లిపోతుంది. మంచం మీద రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉంటే పావుగంట, అరగంటకొకసారి చేతుల మీద లేచి బరువు తీయాలి. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఈ రోగులు ఎక్కువమంది ఏడాది రెండేళ్లలో ఈ పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్‌తో పోయేవారు. ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో 1944లో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు రోగుల పక్కలు రాత్రింబగళ్లు తిప్పించి ఆ చావులను ఆపినాడు. తర్వాత వాళ్లతో ఆటలు ఆడించినాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే అక్కడ చక్రాల కుర్చీల వారికి విలువిద్య పోటీ పెట్టినాడు. నేటి పారాలింపిక్స్ అక్కడ పుట్టినవే. మా మిత్రుడు 2021లో దుకాణం పని హుషారులో లేవడం మరిచినాడు, పుండు పడింది, అయిదు నెలలు బోర్లా పడుకున్నాడు. మగవాడు నొప్పి లెక్క చేయడని మనం చిన్నప్పుడు నేర్పుతాము. నొప్పే తెలియని వాడికి ఆ పాఠం విషం.

మన దేశంలో ఈ దారిలో నడిచినవారు - చూడండి, మళ్లీ 'నడిచినవారు' అన్నాము, మాటలు ఎంత పట్టుకుంటాయో - కొందరున్నారు. మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్టు ఎక్కినారు. అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి చక్రాల కుర్చీకి వచ్చినారు. ఢిల్లీలో వెన్నెముక గాయాలకే ప్రత్యేకంగా ఆస్పత్రి కట్టించినారు, 2022లో కన్నుమూసినారు. మురళీకాంత్ పేట్కర్‌కు అదే యుద్ధంలో తూటాలు తగిలినాయి. 1972లో జర్మనీలో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చినారు. 2018లో పద్మశ్రీ ఇచ్చినారు - నలభై ఆరేళ్లకు. వెల్లూరు సి.ఎం.సి.లో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో కాళ్లు పోగొట్టుకొని, కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసి, తర్వాత అక్కడ పునరావాస విభాగం నడిపినారు. ఆమె గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ "ఆడతనం పోయిందా" అని అడగరు. ఈ ప్రశ్న మగవాడికే ఎందుకు పడుతుందో ఆలోచించవలసిన సంగతి.

మన జావేద్ ఆబిదీ సాబ్ సంగతి మన పిల్లలకు చెప్పాలి. అలీగఢ్‌లో పుట్టినారు, పుట్టుకతోనే వెన్నెముక లోపం, పదిహేనేళ్లకే చక్రాల కుర్చీ. 1995లో వికలాంగుల చట్టం రావడానికి పోరాడినవారిలో ముందున్నవారు. విమానం ఎక్కడానికి తమను మోసుకుపోవద్దని, తగిన కుర్చీ, లిఫ్టు పెట్టాలని సుప్రీంకోర్టుకు పోయినారు. 2018లో పోయినారు. 'మోసుకుపోవద్దు' అన్న ఆ ఒక్క మాట మా మిత్రుడు కూడా అన్నాడు, ఆబిదీ సాబ్ పేరు వినకుండానే.

ఒక హెచ్చరిక. ఎవరెస్టు, బంగారు పతకం కథలు చెప్పి మంచం మీద ఉన్నవాణ్ణి లెమ్మనవద్దు. అది మళ్లీ పాత లెక్కే - గెలిస్తేనే మగవాడని. 2016లో నాగార్జున నటించిన 'ఊపిరి' సినిమా మనవాళ్లు చాలామంది చూసినారు. అందులో ఆ కుర్చీ మనిషికి భవనం ఉంది, కార్లున్నాయి, జీతానికి మనిషి ఉన్నాడు. మన ఇళ్లలో జీతం లేని మనిషి ఉంది, ఆమె పేరు అమ్మీ లేక బీవీ.

అమెరికాలో రాబర్ట్ మర్ఫీ అనే ప్రొఫెసరు ఉండేవారు. అడవి జాతుల మధ్య తిరిగి వాళ్ల ఆచారాలు వ్రాసినవారు. తర్వాత ఆయన వెన్నుపాములోనే గడ్డ పెరిగి కాళ్లూ చేతులూ పోయినాయి. 1987లో తన మీద తానే పుస్తకం వ్రాసినారు. ఆయన చెప్పింది మన ఏజెన్సీ పక్కన బతికేవారికి తొందరగా అర్థమవుతుంది. కొన్ని జాతుల్లో కుర్రవాణ్ణి పెద్దవాణ్ణి చేసే తంతులో కొన్నాళ్లు ఊరి బయట ఉంచుతారు. అప్పుడు వాడు పిల్లవాడూ కాడు, మగవాడూ కాడు. తంతు అయితే ఊళ్లోకి వస్తాడు. వికలాంగుణ్ణి సమాజం ఆ మధ్యస్థితిలోనే ఉంచేస్తుంది - రోగీ కాడు, ఆరోగ్యవంతుడూ కాడు, ఊళ్లోకి పిలిచేవాడు లేడు. మా మిత్రుణ్ణి పిలిచింది ఒక క్లీనరు, ఒక కూరగాయల వ్యాపారి.

బొగ్గుబావుల్లో 'అన్‌ఫిట్' అనే మాట ఉంది. కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఉద్యోగం ఇస్తారు. ఇంటికి అన్నం దొరుకుతుంది, మంచిదే. కాని తండ్రి తన లోపాన్ని కొడుక్కు జీతంగా ఇచ్చి ఇంట్లో కూర్చుంటాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం వస్తే తీసివేయరాదు, హోదా తగ్గించరాదు. లారీ డ్రైవరుకు ఆ చట్టం ఏం చేస్తుంది? పింఛను ఉంది. మన తెలంగాణలో 2023లో దాన్ని 4016 రూపాయలు చేసినారు. భద్రాచలం ఊరు దాటి ఎటపాక వైపు అడుగు పెడితే ఆంధ్రప్రదేశ్. అక్కడ 2024 జులై నుంచి వికలాంగులకు 6000, పూర్తిగా మంచం పట్టినవారికి 15000 చేసినారు. 2014లో గీసిన గీత మంచం ఇటు ఉందా అటు ఉందా అని చూస్తుంది.

మౌల్వీసాబ్ అనుమతితో ఒక మాట. మగవాడు ఇంటికి 'ఖవ్వామ్' అంటారు కదా. మా మిత్రుడు ఒకరోజు అడిగినాడు: "ఖియామ్ చేయలేనివాడు ఖవ్వామ్ ఎట్లా అవుతాడు?" ఆయన నాలుగో తరగతి చదివినాడు, కాని ప్రశ్న అరబీ పండితుడిది. రెండు మాటలకూ ధాతువు ఒక్కటే, నిలబడడం. ఆ రోజు మాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి నిఘంటువులు తిరగేసినాము. నిలబడి చూసుకునేవాడు, బాగోగులు కనిపెట్టుకునేవాడు, బాధ్యత వహించేవాడు - అర్థం అట్లా విస్తరించింది. అసలు నమాజులోనే నిలబడలేనివాడు కూర్చొని, కూర్చోలేనివాడు పడుకొని సైగతో చేయవచ్చు, అతని నమాజు సగం నమాజు కాదు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) గుర్రం మీద నుంచి పడి గాయపడినప్పుడు కూర్చొనే నమాజు చేయించినారు, ఇమాముగానే ఉన్నారు. చూపులేని ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌కు మదీనా అప్పజెప్పి వెళ్లినారు. ఇవి చెప్పినప్పుడు మా మిత్రుడు విని, "మరి ఈ సంచితో మసీదుకు రావచ్చా?" అన్నాడు. మౌల్వీసాబును అడిగినాము. మూత్రం ఆగనివాడు మాజూర్, ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుంటే చాలు, తర్వాత కారినా వుజూ పోదు అన్నారు. పదకొండేళ్లలో ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. సబర్ గురించి మాత్రం అందరం చెప్పినాము.

ఇక నికాహ్ ఎక్కడ జరిగిందో చెప్తామన్నాము. ఆయన ఇంటి ముందర, షామియానా కింద, రోడ్డు పక్కన జరిగింది. మన సొసైటీ హాలు ఉచితంగా ఇస్తామని కార్యవర్గం అన్నది, నిజమే. కాని ఈ హాలుకు ఏడు మెట్లున్నాయి. కుర్రవాళ్లు నలుగురు కుర్చీతో సహా ఎత్తుకొని పైకి తెస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "బిడ్డ నికాహ్‌కు బస్తాలెక్క పోతానా? వలీ లెక్క పోతా, లేకపోతే వాకిట్లోనే చేస్తా" అన్నాడు. ఈ రోజు కూడా ఆయన రాలేదు. ఈ ప్రసంగం వాళ్లబ్బాయి ఫోనులో వింటున్నాడు.

మేము టేపు పెట్టి కొలిచినాము. ఒక్కో మెట్టు ఆరు అంగుళాలు, ఏడింటికి 42 అంగుళాలు. చక్రాల కుర్చీ తన చేతులతో తాను ఎక్కాలంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు కావాలి. అంటే 42 అడుగులు. మెట్ల నుంచి గేటు దాకా ఉన్నది 26 అడుగులే. మేస్త్రీని తీసుకొచ్చి చూపించినాము. గోడ పక్కగా 21 అడుగులు పోయి, మలుపు దగ్గర అయిదడుగుల చదును పెట్టి, 21 అడుగులు వెనక్కి తిప్పుకుంటే సరిపోతుందన్నాడు. గేటు దాకా ఉన్న 26 అడుగులూ దానికే అయిపోతాయి గనుక జనరేటరు షెడ్డు తీసి బోరు అవతలికి మార్చవలసి వస్తుంది. చెప్పుల స్టాండు కూడా అడ్డం. కాగితం మీద గీసి అంచనా వ్రాయించినాము, సెక్రటరీగారి దగ్గర ఉంది. షెడ్డు గత ఏడాదే వేసినారని, దాతగారి పేరు దాని మీద ఉందని మాకు తెలుసు. దాతగారు ముందు వరుసలోనే ఉన్నారు.